ఇంటి ముంగిట్లో ఇంజక్టర్ కప్పులు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేమిద్దరం అన్నదమ్ములం. మాలో ఒకరే ఇక్కడ నిలబడి మాట్లాడుతున్నా, మాట ఇద్దరిదీ అనుకొని వినవలసిందిగా కోరుతున్నాము. "మీరు అమెరికాలో ఉంటున్నారు కదా, పిల్లలకు పనికివచ్చే నాలుగు మాటలు చెప్పండి" అని సంఘం పెద్దలు అడిగినప్పుడు చాలా సందేహించాము. మా చదువు డిప్లొమాతోనే ఆగింది. పెద్ద పెద్ద విషయాలు మాట్లాడే శక్తి మాకు లేదు. మాకు తెలిసిందల్లా బండ్లు. ఈ సభలో లారీలు నడుపుకొనేవారు, షెడ్లు పెట్టుకొన్నవారు, ఆ పని నేర్చుకొంటున్న కుర్రవాళ్ళు చాలామంది ఉన్నారు. కనుక ఒక పాత డీజిల్ బండిని మా ఇంటి ముందే విప్పి బాగు చేసుకొన్న సంగతి, అందులో మేము చేసిన పొరపాట్లతో సహా చెప్పాలని వచ్చాము.

మా మామూకు విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు ఉండేది. స్కూలు సెలవులు వస్తే మమ్మల్ని అక్కడికి పంపేవారు. నట్లు, బోల్టులు డీజిల్ తొట్టిలో కడగటం, తుడిచి వరుసగా గుడ్డ మీద పేర్చటం, ఇదే మా పని. పానా పట్టనిచ్చింది మూడో ఏడాదే. అప్పుడు విసుగ్గా ఉండేది. ఆ వరుసగా పేర్చటమే ఎంత విద్యో చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

ఇక బండి సంగతి. మేము ఉండేది టెక్సాస్ రాష్ట్రంలో, హ్యూస్టన్ నగరానికి బయట. పాత కార్లను ఒకచోట కొని, ట్రైలరు మీద ఎక్కించి, ఇంకొకచోటికి చేర్చటం మా వృత్తి. ఆ ట్రైలరును లాగటానికి 2001 నాటి ఫోర్డ్ పికప్ ట్రక్కు ఒకటి ఉండేది. దాని ఇంజన్ 7.3 లీటర్ల డీజిల్. ఎనిమిది సిలిండర్లు, ఒక పక్క నాలుగు, ఇంకో పక్క నాలుగు. దీన్ని తయారుచేసింది ఇంటర్నేషనల్ ట్రక్కుల కంపెనీ అయిన నావిస్టార్. 1994 మొదలు 2003 వరకు ఫోర్డ్ పికప్‌లలో ఇది వచ్చింది. ఇదే ఇంజను అక్కడి స్కూలు బస్సుల్లో కూడా లక్షల మైళ్ళు తిరిగింది. బ్లాకు, హెడ్లు అన్నీ పోత ఇనుము. గట్టి ఇంజను. మేము కొనేనాటికే చాలా తిరిగినది. 2019 డిసెంబరు నాటికి మీటరు మీద 3,10,000 మైళ్ళు, అంటే మన లెక్కలో దాదాపు 5 లక్షల కిలోమీటర్లు.

ఆ బండి ఆగితే మా రెండు కుటుంబాల సంపాదన ఆగినట్టే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తరువాత అవసరం వస్తుంది.

ఆ డిసెంబరులో ఒకరోజు పొద్దున్నే కూలెంట్ డబ్బా మూత తీస్తే గుప్పున డీజిల్ వాసన వచ్చింది. డబ్బా లోపల గోడలకు నల్లని జిడ్డు అంటుకొని ఉంది. రేడియేటరు పై గొట్టం పట్టుకొని చూస్తే, గట్టిగా ఉండవలసింది మెత్తబడి ఉబ్బింది. డీజిల్ తగిలితే ఆ రబ్బరు అలాగే ఉబ్బుతుంది. ఆ వారమంతా పొద్దున సెల్ఫ్ కొడితే బండి ఆలస్యంగా అందుకొంటోంది, కాసేపు తెల్లని పొగ వదులుతోంది. చలికాలం కదా అనుకొని ఊరుకొన్నాము. మా మొదటి పొరపాటు అదే.

అక్కడ ఒక షెడ్డుకు తీసుకువెళ్ళాము. చూసినవారు హెడ్ గాస్కెట్ పోయిందన్నారు. రెండు హెడ్లూ దించాలి, నాలుగు వేల డాలర్లకు తక్కువ కాదు అన్నారు. అంత సొమ్ము అప్పుడు మా దగ్గర లేదు. ఇంటికి వచ్చి విజయవాడకు ఫోను చేశాము. మామూ అప్పటికి షెడ్డు మానేసి చాలా కాలమైంది. అంతా విని ఒక్కటే అడిగారు:

"నీళ్ళలోకి వస్తున్నది ఏమిట్రా? డీజిలా, ఇంజన్ ఆయిలా, గాలా? ముందు అది చెప్పండి."

"డీజిల్ మామూ. వాసన బాగా తెలుస్తోంది."

"గాస్కెట్ పోతే గాలి కొట్టాలి, బుడగలు రావాలి. డీజిల్ ఎందుకు వస్తుందిరా? డీజిలూ నీళ్ళూ ఎక్కడ పక్కపక్కన ఉన్నాయో ఆ చోటు వెతకండి."

సోదరులారా, ఈ ఒక్క మాటకు మాకు మూడు వేల డాలర్లు మిగిలాయి. కనుక ఆ చోటు ఏమిటో కాస్త వివరంగా మనవి చేస్తాము.

ప్రతి సిలిండరు తల మీద ఒక ఇంజక్టరు ఉంటుంది. డీజిల్‌ను పొగలా చిమ్మేది అదే. ఈ ఇంజన్‌లో ఇంజక్టరు పని చేసే తీరు కొంచెం వేరు. ఇంజన్ ఆయిల్‌నే ఒక పంపు చదరపు అంగుళానికి 500 నుంచి 3,000 పౌండ్ల వరకు ఒత్తిడితో ఇంజక్టరు పై భాగానికి పంపుతుంది. లోపలి పిస్టను ఆ ఒత్తిడిని ఏడింతలు చేసి డీజిల్‌ను చిమ్ముతుంది. అంటే ఇంజక్టరు పై భాగంలో ఆయిలు, కింది భాగంలో డీజిలు, మూతి దగ్గర నిప్పు. ఇక చుట్టూ ఏముంది? హెడ్డులో తిరిగే కూలెంట్. నిప్పుకు దగ్గరగా ఉన్న ఇంజక్టరు చుట్టూ చల్లదనం ఉండాలి కాబట్టి కూలెంట్ అక్కడికి రాక తప్పదు. ఆ కూలెంటుకూ ఇంజక్టరు చుట్టూ ఉన్న డీజిల్‌కూ మధ్య పల్చని ఇత్తడి గొట్టం ఒకటే అడ్డు. చూడటానికి అడుగున చిల్లు ఉన్న గ్లాసులా ఉంటుంది. దీన్నే ఇంజక్టరు కప్పు అంటారు. మన దగ్గర కూడా కొన్ని లారీ ఇంజన్లలో ఇలాంటి స్లీవు ఉంటుంది. మామూ ఎరిగినది అదే.

లక్షల మైళ్ళు వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి ఆ ఇత్తడి అలసిపోతుంది. దానికి తోడు కూలెంటును వేళకు మార్చకపోతే అందులోని రక్షణ మందులు అయిపోయి లోహాన్ని తినటం మొదలుపెడుతుంది. చివరికి వెంట్రుకవాసి చీలిక వస్తుంది. ఇంజను నడుస్తున్నప్పుడు డీజిల్ ఒత్తిడి సుమారు 60 పౌండ్లు, కూలెంటుది 15 పౌండ్ల చిల్లర. ఎక్కువ ఒత్తిడి ఉన్నది తక్కువ ఉన్నదాంట్లోకి పోతుంది కనుక డీజిలు కూలెంటులోకి వస్తుంది. ఇంజను ఆపగానే లెక్క తిరగబడుతుంది. డీజిల్ ఒత్తిడి పడిపోతుంది, వేడి కూలెంటు ఒత్తిడి ఇంకా ఉంటుంది. అప్పుడు కూలెంటు డీజిల్‌లోకి వెళుతుంది. పొద్దున పూట తెల్లపొగకు అర్థం ఇదే. తప్పు ఇంజనుది కాదు. కొన్న తరువాత నాలుగేళ్ళు కూలెంటు మార్చకుండా తిప్పిన మాదే తప్పు.

అనుమానం వచ్చింది సరే, రుజువు కావాలి కదా. డీజిల్ పంపు ఆపి, ఫిల్టరు గిన్నె ఖాళీ చేసి, కూలెంటు డబ్బాకు చేతిపంపు తగిలించి 15 పౌండ్లు ఎక్కించి రాత్రంతా వదిలేశాము. పొద్దున చూస్తే ముల్లు సగానికి దిగింది. డీజిల్ గొట్టం కింద పెట్టిన గిన్నెలో డీజిలుతో పాటు కూలెంటు అడుగున తేరుకొని ఉంది. ఇక అయితే కప్పు, లేకుంటే హెడ్డులోనే చీలిక. ఇనుప హెడ్డు కంటే ఇత్తడి కప్పే ముందు పోతుందని నిశ్చయించుకొన్నాము.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. పని మొదలుపెట్టే ముందురోజు తెలిసినాయన ఒకరు ఇంటికి వచ్చారు. బండి చూసి, "ఇంత శ్రమ ఎందుకు? సబ్బునీళ్ళతో కడిగి, కొత్త కూలెంటు పోసి, వేలంలో పెట్టేయండి. వారం దాకా ఎవరికీ తెలియదు. కొన్నవాడి అదృష్టం" అన్నారు. మేము పాత బండ్ల వ్యాపారంలో ఉన్నవాళ్ళం. అలా చేయటం ఎంత సులువో ఆయన చెప్పకపోయినా మాకు తెలుసు. చేతిలో డబ్బు లేదు. ఇంటి అద్దె దగ్గరకు వస్తోంది. ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. చివరికి మాలో చిన్నవాడు, "అన్నా, కొనేవాడు కూడా మనలాగా ట్రైలరు లాగి బతికేవాడే అయి ఉంటాడు" అన్నాడు. అంతే, ఇక ఆ మాట ఎత్తలేదు. తెల్లవారి బోనెట్టు ఎత్తాము.

పని చేసిన వరుస చెబుతాము. ఇంజను పూర్తిగా చల్లారనిచ్చాము. రెండు బ్యాటరీల తీగలూ తీసేశాము. ఈ ఇంజన్‌లో ఇంజక్టర్లకు వెళ్ళే తీగల్లో 110 వోల్టుల దాకా కరెంటు ఉంటుంది. నడుస్తున్నప్పుడు చెయ్యి పెట్టకూడదు. తరువాత కూలెంటు దించాము. రేడియేటరు ఒక్కటే ఖాళీ చేస్తే చాలదు, బ్లాకు మరలు కూడా విప్పి హెడ్డు మట్టానికి కిందికి దించాలి. ఎందుకంటే కప్పు ఊడిరాగానే కూలెంటు దారి నేరుగా సిలిండరులోకి తెరుచుకొంటుంది. ఆ తరువాత హెడ్లలోని డీజిలు, ఆయిలు మార్గంలోని ఆయిలు కూడా దించాము. ఇది వదిలేస్తే ఇంజక్టరు లేపగానే ఆ ఆయిలంతా సిలిండరులో పడుతుంది.

పైమూతలు తీసి, గ్లో ప్లగ్గులు తీసి, ఇంజక్టర్లను ఒక్కొక్కటే లేపాము. ఏ సిలిండరుది ఆ సిలిండరుకే పోవాలి. మామూ షెడ్డులో చేసినట్టే తెల్లగుడ్డ పరిచి, నంబర్లు వ్రాసి వరుసగా పేర్చాము. ముందున్నవి తేలికగానే వచ్చాయి. వెనక ఉన్న 7, 8 నంబర్లు క్యాబిను కింద దూరి ఉంటాయి. వాటి కోసం ఇంజను మీద పడుకోవలసి వచ్చింది. మర్నాడు నడుములు లేవలేదు.

కప్పు తీయటానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. డిపాజిటు కట్టి అద్దెకు తెప్పించుకొన్నాము. ముందు కప్పు లోపల మరలు కోసి, ఆ మరల్లోకి కడ్డీ బిగించి, కడ్డీ మీది బరువును వెనక్కి లాగి కొడితే కప్పు పైకి వస్తుంది. మరలు కోసేటప్పుడు ఇత్తడి పొట్టు రాలుతుంది. అది సిలిండరులో పడకుండా రెండు జాగ్రత్తలు. కోసే పనిముట్టు గాళ్ళలో గ్రీజు నింపాలి, పొట్టు దానికి అంటుకొంటుంది. కప్పు అడుగున ఉన్న చిల్లును గుడ్డతో మూయాలి.

ఆరు కప్పులు ఇలాగే తీశాము. ఏడోదాని దగ్గరకు వచ్చేసరికి చీకటి పడింది, ఆకలి, తొందర. గుడ్డ పెట్టటం మరిచాము. రెండు తిప్పులు తిప్పిన తరువాత చిన్నవాడు "గుడ్డ ఏదన్నా?" అన్నాడు. గుండె ఆగినంత పని అయింది. టార్చి వేసి చూస్తే సన్నని ఇత్తడి తునక పిస్టను మీద మెరుస్తోంది. అలాగే బిగించి నడిపితే అది సిలిండరు గోడను గీకుతుంది, వాల్వు కింద పడితే వాల్వే పోతుంది. మొదట అయస్కాంతం తెచ్చాము. ఇత్తడిని అయస్కాంతం పట్టదని చిన్నప్పుడు చదువుకొన్నదే, ఆ కంగారులో గుర్తు రాలేదు. చివరికి ఇంజన్‌ను చేత్తో తిప్పి ఆ పిస్టన్‌ను పైకి తెచ్చి, దుమ్ము లాగే మిషను గొట్టానికి సన్నని ప్లాస్టిక్ గొట్టం అంటించి లోపలికి దింపి పీల్చాము. గ్లో ప్లగ్గు రంధ్రంలో నుంచి చిన్న కెమెరా పెట్టి చూస్తూ, మిషను సంచి తెల్లకాగితం మీద దులిపి చూస్తూ రాత్రి రెండయింది. అప్పుడు గాని ఆ తునక కాగితం మీద కనిపించలేదు. మరచిన ఒక్క గుడ్డముక్క ఆరు గంటలు తినేసింది. రాత్రి అలసిపోయాక చేసే పని మర్నాటికి వాయిదా వేసుకోవటమే మంచిదని ఆనాడు తెలిసింది.

ఎనిమిది కప్పులూ బయటికి వచ్చాక ఒక్కొక్కటే కడిగి దీపానికి ఎత్తి చూశాము. ఐదో నంబరు కప్పులో నిలువున చీలిక ఉంది, గోరు తగిలిస్తే తెలిసేంత. మూడో నంబరు కప్పు బయటివైపు చిన్న చిన్న గుంటలు పడి ఉంది. అదీ ఎన్నాళ్ళో ఉండేది కాదు. "ఒక్కటే పోయింది కదా, ఒక్కటే మారుద్దాం" అనుకొనేవారికి ఇదే జవాబు. విప్పటమే అసలు శ్రమ. విప్పిన తరువాత ఎనిమిదీ మార్చాలి.

కొత్త కప్పు పెట్టటం బలంతో చేసే పని కాదు, శుభ్రంతో చేసే పని. హెడ్డులో కప్పు ఆనే రెండు చోట్లా పాత మందు గట్టిగా పట్టి ఉంటుంది. దాన్ని తీగ బ్రష్షుతో రుద్ది, మెరిసే ఇనుము కనిపించేదాకా తుడిచి, చివరగా జిడ్డు లేకుండా కడగాలి. ఒక్కొక్క రంధ్రానికి అరగంట పట్టింది. ఆ తరువాత లాక్‌టైట్ 620 అనే ఆకుపచ్చని అంటుమందును కప్పు పైన ఒక వలయంగా, కింద ఒక వలయంగా రాసి, దాని పనిముట్టుతో నిటారుగా దించి సుత్తితో కొట్టాలి. కొడుతుంటే మొదట బోలుగా శబ్దం వస్తుంది. కప్పు అడుగుకు ఆనగానే శబ్దం మారి గట్టిగా వినిపిస్తుంది. అక్కడ ఆపాలి.

ఆ సాయంత్రానికే అన్నీ పూర్తయ్యాయి. మర్నాడు ఒక లోడు ఉంది. రాత్రికే బిగించి తెల్లవారి బయల్దేరదామని మాలో పెద్దవాడు తొందరపడ్డాడు. మళ్ళీ విజయవాడకు ఫోను. "మందు ఆరిందా?" అని అడిగారు మామూ. "గట్టిపడినట్టే ఉంది" అన్నాము. "ఉన్నట్టు కాదురా. రేపు రాత్రి దాకా బండి ముట్టుకోవద్దు. లోడు పోతే ఇంకో లోడు వస్తుంది. నీళ్ళు మళ్ళీ కారితే ఈ నాలుగు రోజులూ మళ్ళీ పడాలి" అన్నారు. లోడు వదులుకొన్నాము. రెండు వందల యాభై డాలర్లు పోయాయి. కాని ఇప్పుడు తలచుకొంటే అంత చవకగా ఏ పాఠమూ దొరకదు అనిపిస్తుంది.

మందు ఆరిన తరువాత ఇంజక్టర్లకు కొత్త రబ్బరు రింగులు, మూతికి కొత్త రాగి వాషర్లు వేసి, శుభ్రమైన ఇంజన్ ఆయిల్ పూసి చేత్తో నొక్కి కూర్చోబెట్టాము. వాటి బోల్టుకు బిగువు 10 అడుగు-పౌండ్లే. అంటే అడుగు పొడవు పానా చివర నాలుగున్నర కిలోల బరువు వేసినంత. మన చేతి బలం దానికి ఎన్నో రెట్లు. కాబట్టి కొలిచే పానాతోనే బిగించాలి.

ఇక అందరూ మరచిపోయే ముఖ్యమైన సంగతి. ఎంత జాగ్రత్తగా చేసినా సిలిండర్లలో కొంత ఆయిలు, డీజిలు, కూలెంటు పడే ఉంటాయి. గాలిని నొక్కవచ్చు, ద్రవాన్ని నొక్కలేము. ఈ ఇంజన్‌లో పిస్టను పూర్తిగా పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ ఎంతో లెక్క వేశాము. ఒక్కొక్క సిలిండరు సుమారు 910 మిల్లీలీటర్లు. కంప్రెషను 17.5కు 1. అంటే మిగిలే జాగా 55 మిల్లీలీటర్లు, దగ్గు మందు మూతతో ఐదున్నర మూతలు. అంతకు మించి ద్రవం ఉండగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఇంజనే పోతుంది. అందుకని గొట్టం పెట్టి పీల్చి, గ్లో ప్లగ్గులు పెట్టకుండా, ఇంజక్టర్ల తీగలు కలపకుండా, రంధ్రాల మీద గుడ్డలు కప్పి, పక్కకు నిలబడి సెల్ఫ్ కొట్టాము. మూడో సిలిండరు రంధ్రం నుంచి ఆయిలు, డీజిలు కలిసి బోనెట్టు దాకా లేచింది. పీల్చేశామనుకొన్నదాంట్లోనే అంత మిగిలి ఉంది! ఆ రంధ్రం మూసి కొట్టి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు.

అన్నీ బిగించి, ఇంజన్ ఆయిలూ ఫిల్టరూ మార్చి తాళం తిప్పాము. ఆయిలు మార్గమంతా ఖాళీ కనుక వెంటనే అందుకోదు. పదిహేను సెకన్లు కొట్టి, రెండు నిమిషాలు ఆపి, మళ్ళీ కొట్టాలి. లేకుంటే సెల్ఫ్ మోటారు కాలుతుంది. ఆరోసారి దగ్గింది, ఏడోసారి అందుకొంది. గాలి పోయేదాకా కాసేపు కుంటుతూ నడిచి, తరువాత సర్దుకొంది. ఇంట్లో ఆడవాళ్ళు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నాలుగు రోజులుగా ఎవరి ముఖంలోనూ లేని నవ్వు అప్పుడు చూశాము.

ఇంతటితో పని అయిపోలేదు. కూలెంటు దారుల్లో డీజిల్ జిడ్డు పట్టి ఉంటుంది. గిన్నెలు తోమే సబ్బు కలిపిన వేడినీళ్ళతో ఆరుసార్లు నడిపి దించాము. ఆరోసారి గాని నీళ్ళు తేటగా రాలేదు. ఉబ్బిన గొట్టాలన్నీ మార్చాము. ఈ బండికి కూలెంటు దాదాపు 30 లీటర్లు పడుతుంది. సగం కూలెంటు, సగం శుద్ధి చేసిన డిస్టిల్డు నీళ్ళు. కొళాయి నీళ్ళు పోయరాదు, సున్నం కడుతుంది. ఈ జాతి ఇంజన్‌కు కూలెంటులో ఒక రక్షణ మందు కూడా కలపాలి. అది లేకపోతే సిలిండరు అదురుకు కూలెంటులో బుడగలు పుట్టి పగులుతూ, కొన్నాళ్ళకు సిలిండరు గోడకే చిల్లులు పెడతాయి. కప్పు మార్చవచ్చు, బ్లాకు మార్చగలమా? రంగు మారే చిన్న కాగితపు ముక్కలు దొరుకుతాయి. వాటితో ఆరు నెలలకొకసారి పరీక్ష చేసుకొంటే చాలు.

తల్లులు ఉన్నారు కనుక ఇంకొక హెచ్చరిక. పాత కూలెంటు తియ్యగా ఉంటుంది, కాని విషం. తొట్టిలో తెరిచి పెడితే పిల్లలు, కుక్కలు, పిల్లులు నోరు పెడతాయి. కొద్దిగా తాగినా మూత్రపిండాలు పోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. దించిన వెంటనే మూత ఉన్న డబ్బాలో పోసి, పేరు వ్రాసి, అందకుండా పెట్టండి. తాగే నీళ్ళ సీసాలలో మాత్రం ఎన్నడూ పోయవద్దు. కాలువలో పారబోయవద్దు.

ఖర్చు లెక్క చెప్పి ముగిస్తాము. ఎనిమిది కప్పులు, రింగులు, వాషర్లు, మందు, గొట్టాలు, కూలెంటు, పనిముట్టు అద్దె, అన్నీ కలిపి ఏడు వందల డాలర్లకు లోపే. పోయిన లోడు కలిపినా వెయ్యి దాటలేదు. అయితే ఇంటి దగ్గర చేయటమే గొప్ప అని మేము చెప్పటం లేదు. పని తెలిసినవారు పక్కన లేనివారు, తగిన పనిముట్లు లేనివారు షెడ్డుకు వెళ్ళటమే మేలు. ఖరీదైన పనిముట్టు ఒక్కరు కొనలేకపోతే నలుగురు కలిసి కొనుక్కోవచ్చు. ఎక్కడ చేయించినా, విప్పే ముందు "ఏది దేంట్లోకి వస్తోంది?" అని ఒక్క ప్రశ్న వేయండి. రుజువు చూపమని అడగండి.

ఆ బండి తరువాత నాలుగేళ్ళు మా రెండు కుటుంబాలను పోషించింది. 2023లో అమ్మేశాము. కొన్న మనిషి మేము ఊహించినట్టే ట్రైలరు లాగి బతికేవాడు. ఏ తేదీన ఏది మార్చామో కాగితం మీద వ్రాసి ఇచ్చి, పాత కప్పులు చూపించి అంతా చెప్పాము. అతను బేరం తగ్గిస్తాడని అనుకొన్నాము. కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకొని, అడిగినంత ఇచ్చి వెళ్ళాడు.

చీలిన ఐదో నంబరు కప్పును మాత్రం అతనికి ఇవ్వలేదు. అది మా జేబులో ఇక్కడికి వచ్చింది. ముందు వరుసలో ఉన్న కుర్రవాళ్ళకు అందిస్తున్నాము. చేతి నుంచి చేతికి అందించుకొని చూడండి. చీలిక కంటికి సరిగా కనిపించదు, గోరుతో తడిమి చూడండి. చూసినాక మాకు తిరిగి ఇవ్వనక్కరలేదు. మీలో షెడ్డు పని నేర్చుకొంటున్నవారు ఎవరైనా ఉంచుకోవచ్చు.

మామూ ఈ సభకు రాలేకపోయారు, ఆరోగ్యం బాగాలేదు. ఈ ప్రసంగంలో మంచి ఏమైనా ఉంటే అది ఆయనది, పొరపాట్లు మావి.